పన్నెండేండ్ల రీలు

రాహేలమ్మ నోరు మంచిదని ఆ పల్లెలో ఎవరూ అనరు. గొంతు పెద్దదని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. కోసిగికి ఆరు మైళ్ల అవతల ఉన్న ఆ ఊళ్లో ఆమె తన వాకిట్లో నిలబడి కోడిని అదిలిస్తే, గుట్ట పక్కన మేసే గొర్రెలు తలెత్తి చూస్తాయట. ఈ మాట ఆమె మొగుడు దావీదురాజు బతికుండగా అంటుండేవాడు, అదీ ఆమె దరిదాపుల్లో లేనప్పుడు. ఆ గొంతే ఆమెకు ఒక ఉద్యోగం తెచ్చిపెట్టింది. జీతం లేదు, ఏడాదికి ఒక్క నిమిషం పని.

ఆ ఊరి చర్చికి ఒక కెమెరా ఉంది. అరవై ఐదో సంవత్సరంలో తన దేశానికి తిరిగి వెళ్లిపోతూ ఒక దొరసాని డాక్టరు ఇచ్చిపోయింది. నిలువుగా ఉండే నల్ల పెట్టె, ముందువైపు ఒకదాని కింద ఒకటి రెండు కళ్లు. పైనుంచి తొంగి చూస్తే లోపలి అద్దంలో మనుషులు కనిపిస్తారు. పక్కన రేడియోకు ఉన్నట్టు ఒక నాబు. దాన్ని తిప్పితే లోపల రీలు జరుగుతుంది. వెనక ఉన్న చిన్న ఎర్రద్దంలో ఎన్నో బొమ్మ అనే అంకె వచ్చి నిలబడుతుంది. రీలుకు పన్నెండు బొమ్మలు.

ఆ రోజుల్లో రీలు దొరకడమూ కష్టమే, కొనడమూ కష్టమే. అందుకని సంఘం పెద్దలు కూర్చొని ఏడాదికి ఒక్క బొమ్మ చాలని తీర్మానించారు. కోత పండుగ ఆదివారం, ప్రార్థన అయిపోగానే చర్చి మెట్ల మీద సంఘమంతా నిలబడాలి. ఎందుకంటే మర్నాటి నుంచే సగం ఊరు సుగ్గికి పోతుంది. మూటలు కట్టుకొని, ఇళ్లకు తాళాలు వేసుకొని, గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్లిపోవడాన్ని వాళ్లు సుగ్గి అంటారు. వెళ్లినవాళ్లంతా మళ్లీ వచ్చి మెట్ల మీద నిలబడతారని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి వెళ్లేముందు ఒక బొమ్మ. అలా పన్నెండు పండుగలు గడిచాక రీలు కడిగిస్తారు. రీలును అన్నేళ్లు కెమెరాలో మగ్గబెడితే బూడిదైపోతుందని స్టూడియోలవాళ్లు మొత్తుకున్నారు. వీళ్లు వింటేగా! నాలుగు రీళ్లు అలాగే నడిపారు. చర్చి గోడ మీద పన్నెండేసి బొమ్మలతో నాలుగు వరసలు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని మసకే, కానీ మొహాలు తెలుస్తాయి. ఐదో వరసకు పన్నెండు మేకులు ముందుగానే కొట్టి పెట్టుకున్నారు.

మొదటి మూడు రీళ్లూ రాహేలమ్మ మామ ఏసోబు తీశాడు. చూపు తగ్గాక కెమెరాను కొడుకు చేతిలో పెట్టకుండా కోడలి చేతిలో పెట్టాడు. నూటయాభై మందిని ఒక్క నిమిషం కదలకుండా నిలబెట్టాలంటే దావీదురాజు మెత్తదనం పనికిరాదని ఆయనకు తెలుసు. రెండు నియమాలు చెప్పాడు. బొమ్మ తీసిన వెంటనే తర్వాతి అంకెకు తిప్పెయ్, లేకపోతే రెండు పండుగల మనుషులు ఒకే బొమ్మలో ఒకరి మీద ఒకరు పడతారు. ఏడాది పొడుగునా ట్రంకుపెట్టెలో దాచు, పొడిగుడ్డతో తప్ప తుడవొద్దు.

రాహేలమ్మ వాటికి తనదొకటి కలిపింది. పండుగ రోజు పొద్దున్నే కెమెరా బయటికి తీసి, చర్చి అయ్యగారు రోగుల కోసం ప్రార్థన చేసేటప్పుడు నుదుట రాసే ఒలీవ నూనె ఒక చుక్క నాబు మొదట్లో వేసేది. "ప్రభువా, ఈ ఏడు గూడా తిరగనీ" అనేది. ఇరవై రెండేళ్లు అది తిరిగింది. తన ప్రార్థన వల్లే తిరుగుతోందని ఆమెకు లోలోపల కొంచెం గర్వం.

ఇరవై మూడో ఏడు, అంటే ఐదో రీలులో పదకొండో బొమ్మ నాడు, ఆమెకు నిలబడలేనంత జ్వరం. నూనె చుక్క మటుకు మరిచిపోకుండా వేసి, కెమెరాను కోడలు ఆరాధన మెడలో వేసింది. తను ముందు వరసలో కుర్చీ వేయించుకొని కూలబడింది. ఆరాధన ఇంటరు దాకా చదివిన పిల్ల. మాట తక్కువ, పనితనం ఎక్కువ. మీట నొక్కింది, బొమ్మ పడింది. నాబు తిప్పబోతే అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

"అత్తా, ఇది తిరగడంల్యా."

"తిరగేసి తిప్పింటావు! అరవై ఏండ్ల కెమెరా ఒక్క నిమిషంలో ఇరగ్గొట్టినావు గదే!"

ఆ కేక మెట్ల మీద ఉన్న నూటయాభై మందీ విన్నారు. ఆరాధన ఎర్రబడి, కెమెరా తీసి అత్త ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తను సరిగ్గానే తిప్పానని ఒక్కసారి చెప్పింది, రెండోసారి చెప్పలేదు. ఆనాటి నుంచి ఏడాది పాటు ఆ ఇంట్లో కావలసినంత మేరకే మాటలు. అన్నం ఉండాది, నీళ్లు పెట్టినా, మేకను కట్టేసినా, అంతే. పై వీధి విశ్వాసమ్మ ఎదురైనప్పుడల్లా "మీ కోడలు ఇరగ్గొట్టిన కెమెరా ఏమాయ?" అని అడిగేది. రాహేలమ్మ సరిదిద్దేది కాదు.

కెమెరాను మాత్రం ఆమె వదల్లేదు. ఆ రీలులో దావీదురాజు ఉన్నాడు. మొదటి ఎనిమిది బొమ్మల్లో ఉన్నాడు. ఎనిమిదోది కరోనా ఏడు, మూతికి తుండుగుడ్డ కట్టుకొని ఉంటాడు. తర్వాతి బొమ్మ నాటికి మనిషే లేడు. ఆధారు కార్డు మీద ఒక మొహం ఉంది గానీ అది ఆయనదంటే ఆయన తల్లి కూడా నమ్మదు. ఫోన్లో ఉన్నవి మిరపచేలో ఫోనుతో పాటే పోయాయి. ఆయన తనవైపు చూస్తూ, తను కేకలేస్తుంటే నవ్వాపుకుంటూ నిలబడ్డ ఎనిమిదేళ్లు ఆ పెట్టెలో ఉన్నాయి. అవి పోతే ఆయన రెండోసారి పోయినట్టేనని రాహేలమ్మకు అనిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. బదులుగా బస్సెక్కింది.

నందికొట్కూరులో ఆమె చెల్లెలుంది. అక్కడి స్టూడియో కుర్రాడు కెమెరాను అటూ ఇటూ తిప్పి, దీన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోమన్నాడు. కర్నూల్లో ఒక పెద్దమనిషి కాస్త తెలిసినవాడే. "చీకట్లో రీలు బయటికి లాగేస్తానమ్మా. పదకొండులో ఎన్ని దక్కితే అన్ని" అన్నాడు.

"మరి పన్నెండోది?"

"అది ఫోన్లో తీసుకోండి."

"పన్నెండు మేకులు కొట్టి పెట్టుకోనుండాము సామీ. పదకొండుతో ఆపేదానికి మేమేమన్నా అప్పగింతలు పెట్టుకుంటిమా?" అని కెమెరా లాక్కొని వచ్చేసింది. ఆయనకు ఆ మాట అర్థమైందో లేదో గానీ, అర్థం కావాల్సిన అవసరం రాహేలమ్మకు కనిపించలేదు.

మళ్లీ కోత పండుగ ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. చర్చి గడియారం ఆగిపోతే బాగుచేయించడానికి అత్తాకోడళ్లిద్దరూ ఆదోని వెళ్లారు. గడియారం బరువు కాబట్టి ఇద్దరు, స్నేహం కొద్దీ కాదు. రాహేలమ్మ సంచిలో కెమెరా కూడా ఉంది. ఏడాదిగా ఆమె ఎక్కడికి వెళ్లినా అది సంచిలోనే ఉంటోంది.

గడియారాల షాషావలికి డెబ్బై దాటాయి. గడియారం ముల్లు సర్ది ఇచ్చేసి, "సంచిలో ఏందక్కా, అంత భద్రంగా పట్టుకోనుండావు?" అన్నాడు.

ఆమె బయటికి తీసింది. అందరిలాగా ఆయన వెనక మూత మీద చెయ్యి వేయలేదు. ఆమెకు మొదట నచ్చింది అదే. నాబును రెండు వేళ్లతో పట్టుకొని, నాడి చూసినట్టు, వెంట్రుకవాసి కదిపి చూశాడు.

"లోపల రీలు ఉండాదా?"

"పదకొండేండ్లది."

షాషావలి ఆమె మొహంలోకి ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా మళ్లీ కదిపాడు. "రీలు ఇరుక్కోని ఉంటే కొంచెమన్నా సాగి వెనక్కి వచ్చాది, తాడు లాగినట్ల. ఇది అట్ల రావడంల్యా. రాయి మాదిరి ఉండాది. అంటే రీలుకేం కాలేదు. నాబే పట్టేసింది. పెట్టె తెరిచే పనే లేదు."

రాహేలమ్మకు ఏడాది తర్వాత ఊపిరి ఆడినట్టయింది. "అయితే నాబు ఊడదీయి అన్నా."

"ఆడే చిక్కు. నాబు తీస్తే దాని కిందుండే సందులోంచి వెలుతురు లోపలికి పోతాది. చీకట్లో తీయాల. నా పనంతా కంటితోనే అక్కా. కన్ను మూస్తే నా చేతులు గుడ్డివి." ఆయన కంటికి పెట్టుకొనే బూతద్దం తీసి బల్ల మీద పెట్టేశాడు.

ఇంకొకరైతే అక్కడ లేచి వచ్చేసేవాళ్లు. రాహేలమ్మ ఆ బల్ల కింద చూసింది. షాషావలి మధ్యాహ్నం కునుకు తీసే కంబళి మడత పెట్టి ఉంది. కురుబలు నేసిన నల్ల ఉన్ని కంబళి, నీళ్లు పోసినా కిందికి దిగనంత ఒత్తుది.

"అది ఇట్లియ్యి. చేతులు నావి, మాటలు నీవి. చీకట్లో వేరుశనగ ఒలిచిన చేతులు ఇవి, రాయేదో గింజేదో కన్ను చెప్పాల్సిన పనిల్యా."

కంబళిని రెండు మడతలు వేసి బల్ల మీద పరిచి, కెమెరాను దాని కిందికి తోసి, రెండు చేతులూ మోచేతుల దాకా లోపలికి దూర్చింది. సందులన్నిటికీ షాషావలి తువ్వాళ్లు కుక్కాడు. నవంబరైనా ఆదోని ఎండ ఆదోని ఎండే. లోపల చేతులు ఉడికిపోతున్నాయి. ఆమె కళ్లు మూసుకుంది. ఆయన ఇచ్చిన చిన్న స్క్రూడ్రైవరు కొనను నాబు నడుమ ఉన్న గాడిలో నిలిపింది.

"ఎడమకు తిప్పు. వదులు కాకపోతే ఆపేయి, బలం చేయొద్దు."

"కాలేదు."

"అయితే కుడికి. నాబు తిరిగే పక్కకే ఊడొస్తే కష్టమని, ఇట్లాంటివాటికి మర తిరగేసి కోస్తారు."

కుడికి తిప్పితే స్క్రూ మెత్తగా లేచింది. కానీ దాన్ని పెట్టడానికి చోటు లేదు. ఒక చెయ్యి పెట్టె మీద, ఇంకో చేతిలో స్క్రూడ్రైవరు. స్క్రూ జారిపడితే ఆ చీకట్లో దొరకదు.

"ఎవరన్నా చెయ్యి పెట్టండప్పా!"

అక్కడున్న 'ఎవరన్నా' ఒక్కతే. ఆరాధన ఎదురుగా కూర్చొని, కంబళి అవతలి అంచు నుంచి తన చెయ్యి లోపలికి పంపింది. చీకట్లో రాహేలమ్మ వేళ్లకు ఒక అరచెయ్యి తగిలింది, దోసిలిలా వంచి పట్టుకొని ఉంది. స్క్రూ అందులో పెట్టింది. ఏడాదిలో ఆ చేతిని తాకడం అదే మొదటిసారి. మిరపకోతలకు వెళ్లి వచ్చిన చెయ్యి, తనదానిలాగే గరుకుగా ఉంది.

నాబు లేవలేదు. గోటితో చుట్టూ గీకి, కొంచెం కొంచెంగా పైకి లాగింది. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోవడానికి చేతుల్లేవు. షాషావలి "నిదానం అక్కా" అన్నప్పుడల్లా ఆమె పళ్లు బిగించింది. ఆ పూట ఆమె అరవలేదు. అరగంటయ్యాక చెట్టు బంక సాగినట్టు సాగి నాబు ఊడి వచ్చింది. దాన్నీ ఆరాధన చేతిలో పెట్టి, తెరుచుకున్న సందును బొటనవేలితో గట్టిగా మూసింది.

"తీస్కో. బయటికి తీసి ఆయనకియ్యి."

ఆరాధన పిడికిలి బిగించి చెయ్యి బయటికి తెచ్చి విప్పింది. నాబు అడుగున నల్లటి బంక, రేగడి దుమ్ముతో కలిసి తారులా గడ్డకట్టి ఉంది. షాషావలి దాన్ని బూతద్దం కింద పెట్టి పుల్లతో గీకాడు.

"ఇదీ నీ రోగం. ఎండిన నూనె. ఒకటి రెండేండ్లది కాదిది, పొర మీద పొర. ఇది కుట్టుమిషను నూనె గూడా కాదే. ఏం నూనె పోసినారు దీంట్లో?"

ఆరాధన తన అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. రాహేలమ్మ అటే చూస్తోంది. ఆ వాసన ఆరాధనకు తెలుసు. తన బిడ్డకు జబ్బు చేసినప్పుడు, మామ దావీదురాజు ఆఖరి రోజుల్లో, ఎన్నిసార్లు ఆ నూనె వాళ్ల ఇంట్లోకి రాలేదు! ఆమె మొహంలో సంగతి అర్థమైపోయిన జాడ ఒక్క క్షణం కనబడింది. తర్వాత చేతిని చీర కొంగుకు తుడుచుకుంది.

"ఏమో అన్నా, నాకు తెలీదు" అంది.

ఏడాది పాటు మోసిన నిందను ఒక్క మాటతో దింపుకోవచ్చు. ఆ మాట ఆరాధన నాలుక చివరే ఉంది. అయినా అనలేదు. కేకలు వేసినవాళ్లతో ఎలా నెగ్గాలో రాహేలమ్మకు తెలుసు. ఇలా నోరు మూసుకొని తన పరువు కాచిన మనిషి ముందు ఏం చేయాలో తెలియలేదు. లేచిపోదామంటే బొటనవేలు ఆ సందు మీదే ఉంది.

"దానికి తెలుసన్నా. చెప్పడంల్యా, అంతే" అంది చివరికి, ఆమె గొంతని ఎవరూ గుర్తుపట్టనంత చిన్నగా. "గుళ్లో ప్రార్థన నూనె అది. ఇరవై మూడేండ్లు ఏడాదికొక చుక్క నేనే పోస్తి. కెమెరా పట్టేసేటట్ల జేసింది నేను. ఏడాది పొడుగునా తిట్టింది దాన్ని."

షాషావలి నవ్వలేదు. "నూనె మంచిదే అక్కా. మనిషి నుదుటికైతే మంచిది. మిషనుకు గాదు" అని, నాబును పెట్రోల్లో నానబెట్టాడు.

మిగిలిన పని గంటన్నర పట్టింది. అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి, పెట్రోల్లో ముంచి పిండేసి, ఒక్క బొట్టు కూడా రీలు వైపు జారకుండా కెమెరాను పక్కకు వంచి, లోపలి ఇరుసు చుట్టూ తుడవాలి. పుల్లలు ఆరాధన అందించింది, నల్లబడ్డవి వెనక్కి తీసుకుంది. మొదటి పుల్లలు తారులా వచ్చాయి. పదిహేనోది తెల్లగా వచ్చింది. నాబు మళ్లీ ఎక్కించి స్క్రూ బిగించేటప్పటికి రాహేలమ్మ మోచేతుల దాకా ఉన్ని దురద. షాషావలి సూది మొనతో కొంచెం గడియారం నూనె పెట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నూనె మాట ఎత్తొద్దన్నా, నీకు దండం పెడతా."

"ఇది వేరే నూనెమ్మా తల్లీ!" అని ఆయన బతిమాలుకొని పెట్టాడు.

ముగ్గురూ అంగడి వెనక నీడలోకి వెళ్లారు. ఎర్రద్దం మీది నల్ల పట్టీ ఎత్తారు. అద్దంలో ఏ అంకే లేదు, రీలు వెనక ఉండే ఉత్త కాగితం. రాహేలమ్మ నాబు మీద చెయ్యి వేసి, తీసేసి, కెమెరాను ఆరాధన వైపు తోసింది.

"నువ్వు తిప్పు. యా పక్కకు తిప్పాలో నీకు ముందునుంచీ తెలుసు."

ఆరాధన తిప్పింది. నాబు తిరిగింది. ఎర్రద్దంలో ఒక చుక్క, ఇంకో చుక్క కనబడ్డాయి. తర్వాత నిదానంగా, కాళ్లీడ్చుకుంటూ వచ్చినట్టు, పన్నెండు అంకె వచ్చి అద్దం నడుమ నిలబడింది. రాహేలమ్మ కోడలి భుజం పట్టుకొని గట్టిగా ఏడ్చేసింది. ఆ ఏడుపుకు పక్క అంగళ్లవాళ్లు ఎవరికేమైందోనని పరుగెత్తుకొచ్చారు.

కోత పండుగనాడు ప్రార్థన అయ్యాక ఆమె అయ్యగారి పక్కన నిలబడి, తన అసలు గొంతుతో సంఘానికి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇరగ్గొట్టింది నా కోడలు గాదు, నేను. బాగు చేసింది ఇద్దరం. విశ్వాసమ్మా, ఇన్నావా?" విశ్వాసమ్మ విన్నానంది. ఆ గొంతుకు వినకుండా ఉండే వీలు కూడా లేదు. తర్వాత కెమెరాను ఆరాధన మెడలో వేసింది. ఈసారి జ్వరం లేదు. మెట్లెక్కి, దావీదురాజు ఎప్పుడూ నిలబడే కుడివైపు కొసన, తలుపు పక్కన నిలబడింది.

సుగ్గికి పోయేముందు రీలును రాహేలమ్మ కొడుకు జయకుమార్‌కు పంపారు. బెంగళూరులో తాపీపని చేస్తాడు, అక్కడ పాత పద్ధతిలో రీళ్లు కడిగే ముసలాయన్ను వెతికి పట్టుకున్నాడు. సుగ్గికి పోయినవాళ్లు కూడా ఇల్లు చేరే క్రిస్మసుకు వస్తూ పన్నెండు బొమ్మలు అట్టపెట్టెలో తెచ్చాడు. మూడు పొగలా అయిపోయాయి. రెండింట్లో సగం మనుషులే ఉన్నారు. ఏడోది మాత్రం నిన్న తీసినట్టుంది. తలుపు పక్కన దావీదురాజు, పెదవులు బిగించి, కెమెరా వెనక కేకలేస్తున్న పెళ్లాన్ని చూసి నవ్వాపుకుంటున్నాడు. రాహేలమ్మ ఆ బొమ్మను చాలాసేపు చేతిలోనే పట్టుకొని కూర్చుంది.

తర్వాత పదకొండోది తీసింది. ఇరవై రెండేళ్ల తర్వాత ఆమె పడిన మొదటి బొమ్మ. మెట్ల మీద నూటయాభై మంది బుద్ధిగా నిలబడి ఉన్నారు. ముందు వరసలో కుర్చీలో దుప్పటి కప్పుకున్న ఒక ముసల్ది, చెయ్యి పైకెత్తి, నోరు పళ్లన్నీ కనబడేంత తెరిచి, కెమెరా పట్టుకున్న మనిషిని తిడుతోంది. నాబు ఇంకా పట్టేయకముందే, ఆరాధన ఇంకా ఏమీ చేయకముందే తిడుతోంది.

రాహేలమ్మ దాన్ని దగ్గరికీ దూరానికీ పెట్టి చూసింది. "నేనింత నోరు తెరుస్తానా మే?" అంది.

"ఇంకా ఎక్కువే అత్తా. దాంట్లో పట్టల్యా" అంది ఆరాధన.

ఇంట్లో అందరూ విరగబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది రాహేలమ్మ, కళ్లు తుడుచుకుంటూ. ఆ బొమ్మ పక్కన పెట్టేద్దామా అని జయకుమార్ అడిగితే ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే చర్చికి వెళ్లి, ఐదో వరసలో పదకొండో మేకుకు దాన్ని తన చేత్తోనే తగిలించింది. దాని పక్కన పన్నెండోది ఆరాధన తగిలించింది. అందులో కుడివైపు కొసన, తలుపు పక్కన, రాహేలమ్మ పెదవులు బిగించి నవ్వాపుకుంటోంది.